వెళ్ళొస్తా నుంచి వెళ్తా దాకా: సంగీత నాటకంలో తిరిగొచ్చే పల్లవి

గోదావరి జిల్లాల్లో గడప దిగేటప్పుడు ఎవరూ "వెళ్తాను" అనరు. నోరు జారి అన్నా పెద్దవాళ్ళు ఊరుకోరు. "వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి" అని దిద్దుతారు. వెళ్ళడంలోనే రావడం ఉండాలన్నది ఇంటింటి నమ్మకం. సంగీత నాటకంలో పదేపదే వినిపించే పల్లవి రాయాలనుకునేవాళ్ళు ముందు వెతుక్కోవలసింది ఇలాంటి మాటనే. అది రోజూ వాడేది, ఎవరూ పట్టించుకోనిది, లోపల మాత్రం ఒక నమ్మకాన్ని దాచుకున్నది అయి ఉండాలి.

ఒక పాట పల్లవి మరో సన్నివేశంలో, మరో పరిస్థితిలో మళ్ళీ వినిపిస్తే ఇంగ్లీషు నాటకాలవాళ్ళు దాన్ని రిప్రైజ్ అంటారు. మన రంగస్థలంలో దీనికి పోలికున్నవి మూడున్నాయి. వాటితో కలిపేసుకుంటే రాత మొదట్లోనే దారి తప్పుతుంది.

ఒకటి పాట లోపల చరణం చరణానికీ వచ్చే పల్లవి. అది పాటను నిలబెట్టడానికే, కథ అక్కడ కదలదు. రెండోది బుర్రకథలో వంతలు అందుకునే "తందాన తాన". అది కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది, వినేవాళ్ళ చెవిని నిలుపుతుంది. యుద్ధఘట్టంలోనూ పెళ్ళిఘట్టంలోనూ దాని అర్థం ఒకటే. మూడోది పద్యనాటకాల్లో వన్స్‌మోర్. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, భీమవరం దగ్గరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి ఇద్దరూ ఈ డెల్టా మనుషులే. వాళ్ళ పాండవోద్యోగ విజయాల పద్యాలు ఇక్కడి జనానికి ఎంతగా నోటికొచ్చాయంటే, నటుడు ఎత్తుకోగానే ముందు వరసలు గొంతు కలుపుతాయి, అయిపోగానే వన్స్‌మోర్ అంటాయి. అది గొంతుకు దక్కిన గౌరవం. పద్యం రెండోసారి వినిపించినా కథ మాత్రం అక్కడే ఉంటుంది.

మనం రాయబోయే పల్లవి సంగతి వేరు. రెండోసారి వినిపించేసరికి కథ ముందుకు జరిగిపోయి ఉండాలి. పల్లవికి కొత్త అర్థం వచ్చేది ఈ రెండు పాడడాల మధ్య ఏం జరిగిందన్న దాన్నిబట్టే. కాబట్టి రచయిత పని పల్లవిని బరువెక్కించడం కాదు. మొదటిసారి దాన్ని తేలిగ్గా ఉంచగలగడమే అసలు పని. చాలామంది తడబడేదీ ఇక్కడే.

మచ్చుకు ఒక పల్లవి

పద్ధతి చెప్పడానికి ఇక్కడే ఒక నాటకం అల్లుకుందాం. గోదావరి వశిష్ఠ పాయ మధ్యలో ఒక లంక. ఒక తల్లి, ఒక కూతురు, ఒక కొడుకు. బడికైనా సంతకైనా ఆసుపత్రికైనా పడవెక్కాల్సిందే. పల్లవి ఇది:

ఏరు దాటి వెళ్ళొస్తా
ఎదురుచూడు దీపమెట్టి

మాత్రలు లెక్కపెట్టండి. ఏరు మూడు, దాటి మూడు, వెళ్ళొస్తా ఆరు. మొత్తం పన్నెండు. రెండో పాదంలో ఎదురు, చూడు, దీప, మెట్టి నాలుగూ మూడేసి. అదీ పన్నెండే. ఏ, ఎ అక్షరాలకు యతి కుదిరింది. తబలా మీద దాద్రా వేస్తే ఆరేసి మాత్రల ఆవర్తనాలు పాదానికి రెండు చొప్పున సరిపోతాయి.

ఇందులో ఒక చిన్న విశేషం ఉంది, మిగతా పద్ధతంతా దాని మీదే నిలబడుతుంది. ఏరు, దాటి, ఎదురు, చూడు అన్నీ దెబ్బతోపాటు మూడేసిగా నడుస్తాయి. "వెళ్ళొస్తా"లో మాత్రం మూడూ గురువులే, వె-ళ్ళొ-స్తా. తబలా మూడేసిగా కొడుతుంటే మాట రెండేసిగా అడుగు వేస్తుంది. వినేవాడికి ఈ లెక్క తెలియనక్కర్లేదు. చెవికి మాత్రం ఆ చోట నడక మారినట్టు తెలుస్తుంది, అందుకే ఆ మాట గుర్తుండిపోతుంది. మీ పల్లవిలో కీలకమైన మాటకూ ఇలాంటి ఒక తేడా పెట్టండి. గతి తేడా కావచ్చు, గమకం కావచ్చు, ఒక్క స్వరం దూకడం కావచ్చు. ఒకటి చాలు.

స్వరం విషయానికొస్తే, ఈ పల్లవిని మోహన రాగంలో కడదాం. "వెళ్ళొస్తా" దగ్గర ప, గ, రి అని దిగాలి. వె పంచమం మీద, ళ్ళొ గాంధారం మీద, స్తా రిషభం మీద. రెండో పాదం షడ్జమం మీద ఎత్తుకుంటుంది. ఈ మూడు స్వరాలనూ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడతాయి.

చివరి నుంచి మొదటికి రాయండి

కాగితం మీద ముందు రాయాల్సింది పల్లవి ఆఖరిసారి వచ్చే చోటు. అక్కడ ఎవరు పాడతారు, ఎవరితో, పల్లవిలో ఏది పోతుంది అన్నది తేలితే, మొదటిసారి ఏది ఉండాలో దానంతటదే తేలుతుంది. ముందు నుంచి రాసుకుంటూ పోతే నాలుగోసారికి చేతిలో ఏమీ మిగలక, పల్లవినే గట్టిగా అరిపించాల్సి వస్తుంది.

ఆ తర్వాత ఒక పట్టిక గీసుకోండి. పల్లవి వచ్చే ప్రతిసారికీ, అంటే ప్రతి రాకకూ, ఒక వరస. అందులో ఇవి నింపాలి: ఎన్నో నిమిషం, ఎవరి నోట, ఎవరికి, చేతిలో ఏ వస్తువుంది, పాడేవాళ్ళకు తెలియనిది ప్రేక్షకుడికి ఏం తెలుసు, పల్లవిలో ఏ అక్షరం మారింది. ప్రేక్షకుడికి తెలిసిందేమిటి అన్న గడి రెండు వరసల్లో ఒకేలా ఉంటే అందులో ఒక రాక అనవసరం. మొహమాటపడకుండా కొట్టేయండి.

రెండు గంటల నాటకానికి నాలుగు రాకలు సరిపోతాయి. ఎంత గొప్ప పల్లవైనా ఐదు దాటనివ్వకండి. రాకకూ రాకకూ మధ్య కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి. మొదటిది మొదటి పదిహేను నిమిషాల్లో రావాలి. తీర్థాల్లో, జాతరల్లో ఆడే నాటకమైతే ఇంకొంచెం ఆగి ఇరవై, పాతిక నిమిషాల మధ్య పెట్టండి. అంతర్వేది తీర్థంలాంటి చోట జనం దర్శనం చేసుకుని, జీళ్ళు కొనుక్కుని, పిల్లల్ని వెతుక్కుని, అప్పుడొచ్చి కూర్చుంటారు. మొదటి రాకను వినని మనిషికి నాలుగో రాక ఉత్త పాటే.

నాలుగు రాకలు

మొదటిసారి. పదేళ్ళ కొడుకు పలకా సంచీతో రేవుకు పరుగెత్తుతున్నాడు. "వెళ్తానే అమ్మా" అంటాడు. తల్లి "వెళ్ళొస్తాననాల్రా" అని దిద్దుతుంది. ఈ దిద్దుబాటు పాటలో వద్దు, మాటలోనే రావాలి. అదీ తల్లి చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అనాలి. ఆ వెంటనే పిల్లాడు పల్లవి ఎత్తుకుంటాడు. హుషారుగా, నిమిషానికి 180 మాత్రల వేగంలో. ఆ వేగంలో పల్లవి ఒకసారి పాడడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఈ పాటలో పల్లవి మొత్తం ఐదుసార్లు వినిపించాలి: మొదట రెండుసార్లు, రెండు చరణాల తర్వాత ఒక్కోసారి, ముగింపులో ఒకసారి. ఇక్కడ పల్లవికి ఉన్న అర్థం ఒక్కటే, పిల్లాడు బడికి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తాడు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. రచయితకు ముగింపు ముందే తెలుసు కాబట్టి మొదటి పాటలోనే "బతుకనే ఏరు", "కాలమనే పడవ" అని రాసేస్తాడు. పిల్లాడి నోట వేదాంతం పెడితే పల్లవి అప్పుడే నిండిపోతుంది. ఇక తర్వాతి సన్నివేశాలు అందులో పోయడానికి చోటుండదు. మొదటి పాటలో ఏరు ఏరే, దీపం దీపమే. చరణాల్లో కూడా తాటిముంజలు, తడిసిన పుస్తకం, పడవవాడి కేక, అంతవరకే ఉండాలి.

రెండోసారి. కూతురి అప్పగింతలు. సుమారు నలభయ్యో నిమిషం. పల్లవిలో ఒక్క అక్షరం కూడా మారదు, గొంతు మారుతుంది. పెళ్ళికూతురు రేవులో పడవెక్కుతూ "ఏరు దాటి వెళ్ళొస్తా" అంటే, ఆ ఇంటికి ఇక చుట్టంగానే వస్తుందన్న సంగతి ప్రేక్షకులందరికీ తెలుసు. అందుకే ఈ పాటకు కొత్త చరణం రాయవద్దు. అప్పగింతల పాటల సంప్రదాయం మనకు బలంగా ఉంది, కలం దానంతటదే అటు లాగుతుంది. నాలుగు చరణాలు రాసేస్తే ఏడుపు ఆ చరణాల ఖాతాలో పడుతుంది, పల్లవికి ఏమీ మిగలదు. ఒక్కసారి పాడి ఆపేయాలి. సన్నాయి అందుకుంటుంది.

మూడోసారి. డెబ్బై అయిదో నిమిషం. కొడుకు కువైట్ వెళ్ళాడు, ఉత్తరాలు ఆగిపోయాయి. కోడలు గుమ్మంలో కూర్చుని ఉంటే అత్తగారు ఓదారుస్తుంది. ఇప్పుడు పాడేది వెళ్ళినవాడి గురించి, కాబట్టి "వెళ్ళొస్తాడు" కావాలి. తీరా లెక్కపెడితే అది ఏడు మాత్రలు, ఒకటి ఎక్కువ. "వెళ్ళొస్తడు" అని కుదిస్తే ఆరే అవుతుంది గానీ ఆ పలుకు ఈ తల్లిది కాదు, కోనసీమ ప్రేక్షకుడి చెవికి వెంటనే తగులుతుంది. ఇక్కడ సంధి ఆదుకుంటుంది:

ఏరు దాటి వెళ్ళొస్తా-
డెదురుచూడు దీపమెట్టి

"డు"లో ఉకారం పోయి, పక్క పాదంలోని "ఎ" వచ్చి "డె" అయింది. రెండు పాదాలూ కలిపి ఇరవై నాలుగు మాత్రలు అలాగే ఉన్నాయి. ఇంకో లాభం కూడా దక్కింది. మొదటి రెండుసార్లు పాదాల మధ్య ఊపిరి తీసుకునే వీలుండేది, ఇప్పుడది లేదు. నటి ఆగకుండా పాడాలి. కోడలు మధ్యలో ఏదైనా అడుగుతుందేమోనన్న భయంతో గబగబా చెప్పేసినట్టు వినిపిస్తుంది. తను చెప్పేది తనే నమ్మడం లేదని ప్రేక్షకుడికి అర్థమవుతుంది. వేరే డైలాగు అక్కర్లేదు. నటికి ఈ సంగతి చెప్పి, ఒకే ఊపిరిలో పాడేలా సాధన చేయించండి. "వెళ్ళొస్తా" దగ్గర ఆగి, "డెదురుచూడు" అని ఎత్తుకుంటే మాట విరిగి నవ్వొస్తుంది.

నాలుగోసారి. 1986 ఆగస్టు వరద తర్వాత. ఆ ఏడాది పేరు చెబితే చాలు, లంకల్లోని పెద్దవాళ్ళకు వేరే వర్ణన అక్కర్లేదు. గట్టు కోసుకుపోయింది, ఇల్లు సగం ఏట్లో ఉంది. నాటకమంతా ఒడ్డున నిలబడి అందరినీ పంపించిన తల్లి మొదటిసారి తను పడవెక్కుతోంది. ఇంటివైపు తిరిగి పాడుతుంది:

ఏరు దాటి వెళ్తా...

"వెళ్తా"కు నాలుగే మాత్రలు. "వెళ్ళొస్తా"లో ఉన్న ఒక అక్షరం పోయింది, రెండు మాత్రలు ఖాళీ అయ్యాయి. నిమిషానికి 120 మాత్రల నడకలో ఆ ఖాళీ సరిగ్గా ఒక సెకను. స్వరాల్లో చూసినా అంతే. ప, గ అని గాంధారం మీద ఆగిపోయింది, రిషభానికి దిగలేదు. దిగవలసిన మెట్టు దిగనందుకు చెవి వెలితిపడుతుంది. గంటా యాభై నిమిషాల క్రితం చేట చెరుగుతూ "వెళ్ళొస్తాననాల్రా" అన్న మనిషే ఇప్పుడు "వెళ్తా" అంటోంది. రెండో పాదం పాడదు. ఎదురుచూడమని చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ పాదాన్ని హార్మోనియం ఒక్కటే, మాటల్లేకుండా వాయించాలి. లాంతరు ఆమె చేతిలోనే ఉండి పడవెక్కుతుంది.

ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు

పాడే మనిషి ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదు. వేగం పాత్ర వయసునుబట్టి తగ్గవచ్చు. మాట మారితే ఒక్క అక్షరం దాకానే మారాలి. స్వరం మాత్రం కదలకూడదు. మాటా స్వరమూ రెండూ మార్చేస్తే అది కొత్త పాటే అవుతుంది, ప్రేక్షకుడు పాతదాన్ని గుర్తుపట్టడు.

సంగీతం కట్టేవాళ్ళకు ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. మోహనలో గాంధారాన్ని ఒక్క మెట్టు తగ్గిస్తే శివరంజని అవుతుంది, మిగతా నాలుగు స్వరాలూ అవే. ఐదు శ్రుతిలో పాడుతుంటే హార్మోనియం మీద ఏడో తెల్లమెట్టు బదులు దానికి ఎడమపక్కనున్న నల్లమెట్టు నొక్కితే చాలు. ఒకటి శ్రుతిలో అయితే మూడో తెల్లమెట్టుకు ఎడమపక్క నల్లమెట్టు. ఇంత సులువుగా ఏడుపు తెప్పించే సాధనం చేతిలో ఉంటే నాలుగోసారి వాడాలనిపించడం సహజమే. కానీ వాడకండి. అక్షరం పోయిన ఖాళీ చేయాల్సిన పనిని గాంధారం చేసేస్తుంది, జనం దేనికి కదిలారో తెలియకుండా పోతుంది. అంతగా కావాలనుకుంటే మూడో రాకకూ నాలుగో రాకకూ మధ్య, వరద నీరు పెరిగే దృశ్యంలో, మాటలు లేకుండా హార్మోనియం మీద ఒక్కసారి వినిపించండి. తల్లి నోటికొచ్చేసరికి గాంధారం మళ్ళీ యథాస్థానంలో ఉండాలి.

యాస సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. "ఎళ్ళొత్తా, ఎళ్తా" అని రాసుకున్నా మాత్రలు మారవు, పైగా ఏ, ఎ యతి మొదటి పాదం లోపల కూడా పలుకుతుంది. మాకైతే లంక నాటకానికి ఆ రూపమే నిండుగా అనిపిస్తుంది. ఏది ఎంచుకున్నా మొదటి పాటనుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. ఒకరు "స్తా", ఒకరు "త్తా" అంటే ఆ తేడా కథకు సంబంధించిందేమోనని ప్రేక్షకుడు వెతుక్కుంటాడు. కువైట్ నుంచి వచ్చిన కొడుకు మాత్రమే "వెళ్ళొస్తా" అనేట్టు కావాలని రాస్తే సరే, అది వేరే లెక్క.

స్టేజీ మీద ఏం తప్పుతుంది

తబలా వాయించేవారికి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఆగదు, చిన్న ముక్తాయింపో దొర్లింపో పడిపోతుంది. నాలుగో రాకలో మొదటి పాదం రెండో ఆవర్తనంలో నాలుగో మాత్ర దాకా వాయించి, ఐదు, ఆరు వదిలేయాలని ముందుగానే చెప్పండి. చెప్పడంతో సరిపెట్టకుండా ఆ చోటు ఒక్కటే పది సార్లు సాధన చేయించండి. హార్మోనియం మీద వేలు కూడా అలవాటుగా రిషభం మీదికి జారుతుంది. ఆ రెండు మాత్రల సేపు చెయ్యి మెట్ల మీంచి తీసేయడమే మేలు.

వెనక కోరస్ ఉంటే వాళ్ళు మొదటి పాటలో పిల్లాడితో కలిసి పాడి ఉంటారు. నాలుగోసారి కూడా తెలియకుండానే "వెళ్ళొస్తా" అని అందుకుంటారు. ఒక్క గొంతు అందుకున్నా రెండు గంటల శ్రమ పోయినట్టే. ఆ సన్నివేశానికి ముందే కోరస్ మైకు ఆపేయండి.

ఆరుబయట హారన్ స్పీకర్లలో మాట వెనక్కొచ్చి కొడుతుంది. "వెళ్తా"కు ప్రతిధ్వని కలిస్తే దూరంగా కూర్చున్నవాళ్ళకు "వెళ్ళొస్తా" అని వినిపించే ప్రమాదం ఉంది. మైకులో ఎకో పెట్టడం మనవాళ్ళకు అలవాటు. ఈ చోట దాన్ని పూర్తిగా తగ్గించాలని సౌండువాళ్ళకు చీటీ రాసివ్వండి. ఒక మనిషిని ఆఖరి వరస వెనక నిలబెట్టి ఏ మాట వినపడిందో అడగండి. ముందే రికార్డు చేసిన ట్రాకుతో ఆడేవాళ్ళయితే ఆ ఒక్క పాదానికి ట్రాకు లేకుండా పాడించడమే క్షేమం.

వన్స్‌మోర్ గురించి. మొదటి పాటకు అడిగితే సంతోషంగా పాడండి, పల్లవి ఇంకా గట్టిగా నాటుకుంటుంది. రెండో రాక నుంచి ఇవ్వకండి. ఎంత అడిగినా ఇవ్వకూడదు. పెళ్ళికూతురు పడవ దిగివచ్చి మళ్ళీ వీడ్కోలు చెబితే ఆ "వెళ్ళొస్తా" అక్కడే నిజమైపోతుంది, ఇక నాలుగో రాకకు పని లేదు. అడిగే వ్యవధి ఇవ్వకుండా పాట ముగిసిన వెంటనే సన్నాయి ఎత్తుకునేలా చూసుకోండి, దీపాలు మారిపోవాలి.

లాంతరు చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, నాలుగు రాకల్లోనూ అదే లాంతరు కనిపించాలి. ఏటిగాలికి ప్రమిద నిలవదు, గాజు చిమ్నీ ఉన్న హరికేన్ లాంతరే వాడండి. మొదటి పాట చివర తల్లి దాన్ని వెలిగించి రేవు గుంజకు తగిలించడం అందరికీ కనబడాలి, అందుకు ఒక పూర్తి పల్లవి అంత వ్యవధి ఇవ్వండి.

పరీక్ష

నాటకం సగం సిద్ధమయ్యాక, రాగం లేకుండా మాటలుగా ఒకసారి చదివించండి. పల్లవి వచ్చే నాలుగు చోట్లా అర్థం మారినట్టు ఉత్త చదువులోనే తెలియాలి. తెలియకపోతే లోపం సన్నివేశాల్లో ఉంది, పల్లవిని దిద్దకండి. తర్వాత కథ తెలియని ఒక మనిషికి నాలుగో పాట ఒక్కటే వినిపించండి. అతనికీ కళ్ళు చెమర్చాయంటే బాణీలో తియ్యదనం ఎక్కువైందని అర్థం, కొంచెం తగ్గించండి. కథ తెలియనివాడికి అది అసంపూర్తిగా, ఏదో తప్పు పాడినట్టుగా అనిపించాలి.

ఆఖరి సాధనకు ఊళ్ళోవాళ్ళను పది మందిని పిలిచి కూర్చోబెట్టండి. నాలుగో రాకప్పుడు స్టేజీ వైపు చూడకుండా వాళ్ళ ముఖాలు చూడండి. "వెళ్తా" తర్వాత ఆ ఒక్క సెకను ఖాళీలో ఎవరి పెదాలైనా "ఒస్తా" అని కదిలితే, ఇక ఒక్క అక్షరం కూడా ముట్టుకోకండి.